యాక్ట్ గ్రూపు పెట్టాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగినవారికి నా సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు ఐదుగురు, అందులో నలుగురు కౌన్సెలర్లు, ఒకరు క్లినికల్ సైకాలజిస్టు. అందరూ కలిసి రెండు రోజుల వర్క్‌షాప్ చేసి వచ్చారు. బాధపెట్టే ఆలోచనలతో పోట్లాడకుండా మనకి ముఖ్యమైన పనులు చేసుకోవడం నేర్పే యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీని, మనందరం యాక్ట్ అని పిలుచుకునేదాన్ని, వృత్తిలో ఉన్న తోటివాళ్ళలోకి తీసుకెళ్ళే ఒక ఆసక్తి బృందం పెట్టాలని మీ ఆలోచన. సభ్యత్వ రుసుము ఎలా పెట్టాలి, సర్టిఫికెట్ ఇవ్వొచ్చా, మొదటి కార్యక్రమం ఏం చేయాలి అని అడిగారు. ఒక సీనియర్ డాక్టరుగారు "ఇది సీబీటీయే (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీయే), పేరు మార్చారు అంతే" అన్నారట, ఆయనకేం చెప్పాలో కూడా అడిగారు.

పదమూడేళ్ళుగా ఇలాంటి గ్రూపుల్లో ఉన్నాను. రెండు నేనే మొదలుపెట్టాను, మొదటిది ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది, రెండోది ఇప్పటికీ నడుస్తోంది. అందుకని సూటిగా చెప్తున్నాను: మొదటి ఆరు నెలలు దేన్నీ ప్రచారం చేయకండి. ప్రారంభోత్సవం వద్దు, పోస్టర్లు వద్దు, లోగో అసలే వద్దు. మీరు ఐదుగురే రెండు వారాలకోసారి కూర్చుని, ఒకరు చేస్తున్న పనిని ఇంకొకరికి చూపించుకోండి. చెప్పుకోవడం కాదు, చూపించుకోవడం.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మా మొదటి గ్రూపు ఆగిపోయింది సరిగ్గా దీనివల్లే. నెలకొకరం స్లయిడ్లు తయారుచేసుకుని వచ్చేవాళ్ళం. ఆరు ప్రక్రియల షడ్భుజి బొమ్మ, అదే హెక్సాఫ్లెక్స్, అందరికీ నోటికొచ్చు: అంగీకారం, ఆలోచనల నుంచి విడివడటం, వర్తమానంలో ఉండటం, గమనించే నేను, విలువలు, నిబద్ధతతో చేసే పని. యాక్ట్‌కి పునాదిగా ఉన్న, భాష గురించిన రిలేషనల్ ఫ్రేమ్ థియరీ మీద మూడు నెలలు వరసగా ఉపన్యాసాలు పెట్టాం. మొదటి మీటింగుకి హాలు నిండింది, తర్వాత తర్వాత పలచబడింది. ఆ ఏడాదిలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వయసులో మా అందరికంటే చిన్నదైన ఒక కౌన్సెలర్ చెయ్యెత్తి, "మొన్న నా క్లయింట్ ఏడవడం మొదలుపెట్టింది, నాకు భరించడం కష్టమైంది, వెంటనే కళ్ళు మూసుకోండి, పారే నీటి మీద ఆకుల్ని ఊహించుకోండి అని ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టేశాను, అది ఆవిడ కోసం చేశానా నా కోసం చేశానా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను" అంది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరో "మంచి పాయింట్" అన్నారు, తర్వాతి స్లయిడుకి వెళ్ళిపోయాం. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు. ఆరోజు ఆ ప్రెజెంటేషన్ ఇస్తున్నది నేనే.

ఆ అమ్మాయి అడిగింది యాక్ట్ మొత్తానికి గుండెకాయలాంటి ప్రశ్న. మనకి నచ్చని అనుభూతి లోపల లేచినప్పుడు దాన్ని తప్పించుకోవడానికి చేసే పనుల్ని అనుభవ పరిహరణ అంటాం కదా, అది క్లయింట్లకే ఉండదు, థెరపిస్టుకీ ఉంటుంది. ఎదుటి మనిషి ఏడుపు చూడలేక ఎక్సర్‌సైజ్ చేయించడం, మౌనం భరించలేక ఒక ఉపమానం చెప్పడం, తెలియదని ఒప్పుకోలేక మళ్ళీ సిద్ధాంతంలోకి వెళ్ళడం, ఇవన్నీ అవే. పుస్తకంలో ఇది చదివితే తలూపుతాం. మన సెషన్లో మనం చేసింది పక్కవాళ్ళు చూసి మెల్లిగా చెప్తే తప్ప తెలియదు. ఆసక్తి బృందం అనేదానికి వేరే ఏ ప్రయోజనం ఉన్నా లేకపోయినా ఇదొక్కటి ఉంటే చాలు అనేది నా నమ్మకం.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు మేం పోర్ట్‌లాండ్ మోడల్ అనేదాన్ని పట్టుకున్నాం. అమెరికాలో పోర్ట్‌లాండ్‌కి చెందిన కొందరు థెరపిస్టులు, పైన గురువు ఎవరూ లేకుండా సమానస్థాయి వాళ్ళే నడుపుకునే యాక్ట్ కన్సల్టేషన్ గ్రూపు ఎలా ఉండాలో 2015లో ఒక వ్యాసంగా రాశారు, సంపాదించి చదవండి. అందులోంచి నేను తీసుకున్న ముఖ్యమైన విషయం ఏమిటంటే, గ్రూపు యాక్ట్ గురించి మాట్లాడటం కాదు, గ్రూపే యాక్ట్ పద్ధతిలో నడవాలి. కేసు చెప్పేవాళ్ళు కేసు చరిత్రంతా చదవరు. ఎక్కడ ఇరుక్కుపోయారో ఆ ఒక్క క్షణం చెప్తారు, తర్వాత తామే క్లయింట్ పాత్రలో కూర్చుంటారు, ఇంకొకరు థెరపిస్టుగా పది నిమిషాలు పనిచేస్తారు. మిగతావాళ్ళు చూస్తారు. పది నిమిషాల రోల్ ప్లేలో బయటపడేది గంటసేపు చర్చలో బయటపడదు, నన్ను నమ్మండి.

చూసేవాళ్ళ చేతిలో ఏదైనా కాగితం ఉంటే మాట గాల్లో పోకుండా ఉంటుంది. థెరపిస్టు యాక్ట్ పద్ధతికి ఎంత కట్టుబడి పనిచేస్తున్నాడో చూడటానికి యాక్ట్ ఫిడెలిటీ మెజర్ అని ఒకటుంది, 25 అంశాలు, నాలుగు భాగాలు: థెరపిస్టు వైఖరి, మనసు విప్పి ఉండే ధోరణి, ఎరుకతో ఉండే ధోరణి, జీవితంలో పాలుపంచుకునే ధోరణి. అందులో నాకు బాగా నచ్చేది, చేయకూడనివి కూడా రాసి ఉండటం. థెరపిస్టు క్లయింటుకి ఉపన్యాసం ఇస్తున్నాడా, నీ ఆలోచన తప్పని ఒప్పించడానికి చూస్తున్నాడా, ఇలాంటివి. మార్కులు వేసుకోవడానికి వాడొద్దు, ఒక్కో మీటింగులో ఒక్క అంశం మీద కళ్ళు పెట్టి చూడటానికి వాడండి.

ఇక మన భాష సంగతి, దీనిమీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇంగ్లీషులో శిక్షణ తీసుకుని వచ్చి తెలుగులో పనిచేసేవాళ్ళందరం తడబడేది ఇక్కడే. యాక్సెప్టెన్స్‌ని మనం "అంగీకారం" అని అనువదించేశాం. సెషన్లో కూర్చున్న మనిషికి "మీరు దీన్ని అంగీకరించాలి" అంటే ఏం వినిపిస్తుందో తెలుసా? "సర్దుకుపో" అని వినిపిస్తుంది. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషికి, ఆఫీసులో రోజూ అవమానపడుతున్న కుర్రాడికి ఆ మాట ఇప్పటికే వందమంది చెప్పి ఉంటారు, నూట ఒకటో మనిషి మనమవుతాం. యాక్ట్ చెప్పే అంగీకారం పరిస్థితికి సంబంధించింది కాదు. లోపల లేచే భయానికి, దుఃఖానికి, జ్ఞాపకానికి దానితో పోట్లాడకుండా కాస్త చోటివ్వడం, అదీ మనకి ముఖ్యమైన పని చేసుకోవడానికి వీలుగా. భయానికి చోటిచ్చి ఆ ఇంటినుంచి బయటికి నడవడం కూడా యాక్ట్ ప్రకారం అంగీకారమే. మా గ్రూపులో ఆ మాటే మానేశాం, "చోటివ్వడం", "ఉండనివ్వడం" అంటున్నాం. మీకు వేరే మాట దొరికితే అది వాడండి, కానీ ఎదుటివాళ్ళ చెవిలో ఏం పడుతోందో అడిగి తెలుసుకోండి.

"విలువలు" అన్న మాటతోనూ ఇదే చిక్కు. తెలుగులో విలువలు అనగానే నైతిక విలువలు, పెద్దలు చెప్పినవి, పాటించకపోతే తప్పు చేసినట్టయ్యేవి. యాక్ట్‌లో విలువ అంటే ఎవరూ చూడకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా నువ్వు ఎలాంటి మనిషిగా బతకాలనుకుంటున్నావు అనేది. మేం "మీ విలువలేంటి" అని అడిగినంతకాలం అందరూ "నిజాయితీ, క్రమశిక్షణ" అని పరీక్ష రాసినట్టు చెప్పేవాళ్ళు. "మీ కూతురు పెద్దయ్యాక మా నాన్న నాతో ఇలా ఉండేవాడు అని చెప్పుకోవాలంటే ఎలా ఉండాలనుకుంటారు" అని అడిగినప్పుడు ఒకాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాడు. ఇలాంటి ప్రశ్నలు పుస్తకాల్లో తెలుగులో దొరకవు, మీలాంటి గ్రూపులు తయారుచేసి పంచాలి. మీరు ప్రచారం అనుకుంటున్నదానికంటే ఇది ఎక్కువ పనికొచ్చే ప్రచారం.

ఆలోచనల నుంచి విడివడటానికి ఒక మాటని గబగబా పదేపదే పలికించే ఎక్సర్‌సైజ్ మీరు వర్క్‌షాప్‌లో చేసే ఉంటారు, ఇంగ్లీషులో "మిల్క్" అని. ఎడ్వర్డ్ టిచెనర్ అనే మనస్తత్వవేత్త 1916లోనే దీని గురించి రాశాడు, మాటని అలా తిప్పుతూ పోతే అర్థం జారిపోయి శబ్దం మాత్రమే మిగులుతుందని. తెలుగులో "పాలు పాలు పాలు" అని చేయించండి, బాగానే పనిచేస్తుంది. కానీ తర్వాత క్లయింటుని బాధపెట్టే సొంత మాటతో చేయించేటప్పుడు జాగ్రత్త, నమ్మకం కుదరకముందు చేస్తే వెక్కిరించినట్టు ఉంటుంది. అందుకే ముందు గ్రూపులో మీ మీద మీరు చేసుకోండి, ఎవరికి వాళ్ళని నిజంగా గుచ్చే మాటతో.

ఇప్పుడు మీ సీనియర్ గారి సంగతి. ఆయనతో వాదన పెట్టుకోవద్దు, ఎందుకంటే ఆయన మాటలో కొంత నిజముంది. యాక్ట్ పుట్టింది బిహేవియర్ థెరపీ కుటుంబంలోనే. స్టీవెన్ హేస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1980ల మొదట్లో దీన్ని వేరే పేరుతో మొదలుపెట్టాడు, ఆయన విద్యార్థి రాబర్ట్ జెటిల్ డిప్రెషన్ ఉన్నవాళ్ళలో కాగ్నిటివ్ థెరపీతో పోల్చి చూశాడు. హేస్, కర్క్ స్ట్రోసాల్, కెల్లీ విల్సన్ కలిసి మొదటి పుస్తకం తెచ్చింది 1999లో. తేడా ఎక్కడంటే, "నేను పనికిరానివాణ్ణి" అన్న ఆలోచన వచ్చినప్పుడు అది నిజమా కాదా, ఆధారాలేంటి అని తూచడం సీబీటీ దారి. ఆ ఆలోచన ఉండగానే, దాన్ని ఆలోచనగానే చూస్తూ, ఈరోజు ఏం చేయగలను అని అడగడం యాక్ట్ దారి.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ పట్రీషియా బాక్, హేస్ కలిసి 2002లో ప్రచురించిన పరిశోధన. లేని గొంతులు వినిపించడంలాంటి సైకోసిస్ లక్షణాలతో ఆసుపత్రిలో చేరిన 80 మందిలో సగంమందికి మామూలు వైద్యంతోపాటు నాలుగే నాలుగు యాక్ట్ సెషన్లు ఇచ్చారు. నాలుగు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం ఒక్కటే పొందినవాళ్ళతో పోల్చితే ఈ గుంపులో మళ్ళీ ఆసుపత్రిలో చేరినవాళ్ళు సగమే. విచిత్రం ఏమిటంటే, లక్షణాలు ఉన్నాయని చెప్పినవాళ్ళు మాత్రం ఈ గుంపులోనే ఎక్కువ. గొంతులు వినిపిస్తున్నాయని దాచుకోకుండా చెప్తున్నారు, కానీ ఆ గొంతులు చెప్పేదాన్ని మునుపటంత నమ్మడంలేదు. చిన్న పరిశోధనే, దాన్నిబట్టి పెద్ద పెద్ద మాటలు చెప్పకూడదు. అయినా లక్షణం తగ్గడమే లక్ష్యం కాదు అనే మాటకి ఇంతకంటే మంచి వివరణ నాకు దొరకలేదు.

కానీ ఆయనకి ఇది చెప్పి ఆగిపోకండి, మనకి నచ్చనివి కూడా చెప్పండి. 2015లో 39 నియంత్రిత ప్రయోగాలు, 1,821 మంది రోగుల వివరాలు కలిపి చేసిన విశ్లేషణలో యాక్ట్ చికిత్స లేకుండా వెయిటింగ్ లిస్టులో ఉండటం కంటే, మామూలు వైద్యం కంటే మెరుగ్గా కనిపించింది, సీబీటీలాంటి స్థిరపడిన చికిత్సలకంటే మెరుగని మాత్రం తేలలేదు. అంతకుముందు సంవత్సరం లార్స్ ఓస్ట్ అనే స్వీడన్ పరిశోధకుడు 60 ప్రయోగాలు పరిశీలించి, ఏ ఒక్క సమస్యకీ యాక్ట్‌ని బాగా రుజువైన చికిత్స అనలేమని, దీర్ఘకాలిక నొప్పికి, చెవిలో హోరుకి బహుశా పనిచేస్తుందనొచ్చని రాశాడు. యాక్ట్ వైపువాళ్ళు 2017లో ఆయన లెక్కల్లో తప్పులున్నాయని జవాబిచ్చారు. ఈ రెండు వ్యాసాలూ పక్కపక్కన పెట్టుకుని ఒక మీటింగు మొత్తం చదవండి, ఆ సీనియర్ గారినే పిలిచి ఓస్ట్ వైపు మాట్లాడమని అడగండి. మా గ్రూపులో ఇప్పుడు గట్టిగా నిలబడ్డ ఇద్దరు, మొదట వాదించడానికి వచ్చినవాళ్ళే.

నొప్పి విషయంలో ధైర్యంగా మాట్లాడొచ్చు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక ప్రాథమిక నొప్పికి సీబీటీతోపాటు యాక్ట్‌ని కూడా పరిశీలించమంది. నొప్పి సంగతి అలా ఉంచితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ యాక్ట్ ఆధారంగానే సెల్ఫ్ హెల్ప్ ప్లస్ అనే కార్యక్రమం తయారుచేసింది: ఐదు సెషన్లు, ముందే రికార్డు చేసిన ఆడియో, ఒక బొమ్మల పుస్తకం, ఒక్కో గుంపులో 30 మంది దాకా, నడిపేవాళ్ళు మానసిక నిపుణులు కానక్కర్లేదు. ఉగాండాలో ఉన్న దక్షిణ సూడాన్ శరణార్థి మహిళల్లో అది మానసిక వేదనని తగ్గించిందని 2020లో వచ్చింది. తర్వాత పశ్చిమ యూరప్‌లో శరణార్థుల్లో చేసినప్పుడు మొదట్లో తేడా కనిపించినా ఆరు నెలలకి మిగల్లేదు. రెండూ చెప్పండి. ఒక్కటే చెప్పే గ్రూపుని నాలుగేళ్ళ తర్వాత ఎవరూ నమ్మరు.

రుసుము, సర్టిఫికెట్ గురించి. ఈ రంగంలో అంతర్జాతీయ సంఘం అసోసియేషన్ ఫర్ కాంటెక్స్చువల్ బిహేవియరల్ సైన్స్, 2005లో మొదలైంది. దేశాలవారీగా చాప్టర్లు, విషయాలవారీగా ప్రత్యేక ఆసక్తి బృందాలు దాని కిందే ఉన్నాయి, 2012 నుంచి సొంత పరిశోధనా పత్రిక ఉంది. వాళ్ళు రెండు పనులు చేశారు, నాకు రెండూ నచ్చాయి. సభ్యత్వ రుసుముకి ఒక కనీస మొత్తం పెట్టి, అక్కణ్ణుంచి పైకి ఎంత ఇవ్వాలో మీ విలువలనిబట్టి మీరే నిర్ణయించుకోండి అన్నారు. రెండోది, యాక్ట్ థెరపిస్టు అని ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వకూడదని నిర్ణయించుకున్నారు. ట్రైనర్లని మాత్రం తోటి ట్రైనర్లు పరిశీలించి గుర్తిస్తారు, వాళ్ళు పద్ధతుల్ని సొంత ఆస్తిలా దాచుకోకుండా పంచుకుంటామని ఒక ప్రకటన మీద సంతకం పెడతారు.

మీరూ సర్టిఫికెట్ ఇవ్వొద్దు. హాజరైనట్టు కాగితం ఇవ్వండి, అందులో "హాజరయ్యారు" అనే రాయండి. మీ రెండు రోజుల శిక్షణతో మీరిచ్చిన సర్టిఫికెట్ గోడకి తగిలించుకుని ఒకరు రేపు ఆత్మహత్య ఆలోచనలున్న మనిషిని తీసుకుంటే, దాంట్లో మీ భాగం ఉంటుంది. డబ్బు విషయంలో టెన్షన్ పడకండి, గది అద్దె పంచుకుంటే సరిపోతుంది మొదటి సంవత్సరానికి. మీలో ఎవరైనా డబ్బు తీసుకుని శిక్షణలిస్తుంటే మాత్రం ఆ సంగతి మొదటి రోజే గ్రూపులో చెప్పాలి, గ్రూపు మెయిలింగ్ జాబితాని ఆ శిక్షణల అమ్మకానికి వాడకూడదు. దీనివల్ల విడిపోయిన గ్రూపుని దగ్గరగా చూశాను, స్నేహాలు కూడా పోయాయి.

గ్రూపు నియమాలకి పెద్ద రాజ్యాంగం అక్కర్లేదు. ఎలినార్ ఆస్ట్రమ్ అని 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు, ఉమ్మడి వనరుల్ని జనం కలిసి ఎలా కాపాడుకుంటారో జీవితమంతా పరిశోధించారు. ఆమె చెప్పిన ఎనిమిది సూత్రాల్ని తీసుకుని డేవిడ్ స్లోన్ విల్సన్, పాల్ అట్కిన్స్, హేస్ కలిసి యాక్ట్‌తో జోడించి ప్రోసోషల్ అనే పద్ధతి చేశారు. నాకు అందులో బాగా పనికొచ్చినవి: మనం ఎందుకు కలిశామో అందరికీ ఒకే మాట తెలిసి ఉండటం, పనిభారం, లాభం న్యాయంగా పంచుకోవడం, మాట తప్పినప్పుడు మొదట మెల్లిగా చెప్పి, అవసరమైతేనే గట్టిగా చెప్పడం. మూడోది మన గ్రూపుల్లో ఎప్పుడూ తలకిందులవుతుంది, ఏడాదిపాటు ఎవరూ ఏమీ అనరు, ఒకరోజు ఒక్కసారిగా తెగదెంపులే.

క్లయింట్ల రహస్యాల గురించి ఒక్కమాటలో ముగిస్తాను: రికార్డింగ్ వినిపించాలంటే రాతపూర్వకంగా అనుమతి, అది లేకపోతే వయసు, ఉద్యోగం, ఊరు మార్చి రోల్ ప్లే మాత్రమే. వాట్సాప్‌లో కేసులు వద్దు, ఎంత మార్చి రాసినా వద్దు.

కొలతల గురించి ఎవరైనా అడుగుతారు. ఏడు ప్రశ్నల ఏఏక్యూ టూ (యాక్సెప్టెన్స్ అండ్ యాక్షన్ క్వశ్చనేర్) అందరూ వాడతారు, 2011లో వచ్చింది. అది మానసిక వశ్యతని, అంటే కష్టమైన అనుభూతులున్నా ముఖ్యమైన పని చేయగలగడాన్ని, కాక వేదననే కొలుస్తోందన్న విమర్శ బలమైనది, కాబట్టి దాని స్కోరు తగ్గిందని ఎక్కడా గొప్పగా రాసుకోవద్దు.

మొదటి మీటింగు ఇలా చేయండి. ఐదు కుర్చీలు గుండ్రంగా, ప్రొజెక్టర్ లేకుండా. మూడు నిమిషాలు కళ్ళు మూసుకుని, ఇక్కడికి ఏ భయం తీసుకుని వచ్చామో ఎవరికి వాళ్ళు చూసుకోండి. తర్వాత ఒక్కొక్కరు ఈ నెలలో తాము తొందరపడి ఏదో చేసేసిన ఒక సెషన్ క్షణం చెప్పండి, సరిదిద్దిన క్షణం కాదు, అప్పుడు ఒంట్లో ఏం జరిగిందో దానితో సహా. ఒకరు చెప్పడం ఆపాక అయిదు నిమిషాలపాటు మిగతా నలుగురూ ప్రశ్నలు మాత్రమే అడగొచ్చు, సలహా ఇవ్వకూడదు. మీలో ఎవరికైనా సలహా నాలుక చివరిదాకా వస్తే, అది ఎందుకు వచ్చిందో తమ వంతు వచ్చినప్పుడు చెప్పండి.